తుఫాను కబురొస్తే మా ఇళ్ళల్లో

దీపావళి మతాబులు అయిపోయి కార్తీక దీపాలు మొదలయ్యాయంటే మా కృష్ణా జిల్లా ఆడవాళ్ళకి ఒక చెవి ఎప్పుడూ వార్తల మీదే ఉంటుంది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను. ఈ మెట్లన్నీ బడి గడప తొక్కని మా అమ్మమ్మకి కూడా కంఠతా వచ్చు. వాయుగుండం అన్న మాట రేడియోలో వినబడగానే ఆవిడ అటక మీద నుంచి కిరసనాయిలు డబ్బా దింపించేది. మా తాతయ్య నవ్వేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఆవిడ పుట్టిల్లు బందరు. బందరు వాళ్ళకి ఆ భయం ఊరికే రాలేదండీ.

ఈసారి వంటలూ పిల్లల చదువులూ పక్కన పెట్టి కాస్త పాత సంగతులు చెప్పుకుందాం.

1864 నవంబరు 1. దీపావళి అమావాస్య వెళ్ళి రెండు రోజులే అయింది. అమావాస్య, పౌర్ణమిల దగ్గర సముద్రం మామూలుగానే పోటు మీద ఉంటుంది. ఆ పోటు మీదకి తుఫాను తోడైంది. రాత్రి ఉప్పెన వచ్చి బందరు ఊరంతా ముంచేసింది. గెజెటీరు లెక్క ప్రకారం పోయినవాళ్ళు 30,000 మంది. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు పోటీలు పడి వ్యాపారం చేసిన రేవు అది. కలంకారీ అద్దకాలు ఓడలెక్కి దేశదేశాలకి పోయిన ఊరు. ఆ దెబ్బతో కోటలో ఉన్న సైన్యాన్ని కూడా మరుసటి ఏడాది తీసేశారు. రేవు అప్పటికే పడిపోతోందనుకోండి, ఉప్పెన దాన్ని ఇంకా కిందకి తోసింది. ఇళ్ళల్లో ఏమైందో మాత్రం గెజెటీరులో ఎక్కువ దొరకదు. ఎంత సరుకు కొట్టుకుపోయింది, ఎన్ని కట్టడాలు కూలాయి అన్నది దొరుకుతుంది. ఏ ఇంట్లో ఎవరు పొయ్యి దగ్గర ఉన్నారో, ఎవరు ఉయ్యాల దగ్గర ఉన్నారో ఎవరు రాస్తారు చెప్పండి.

అదే ఏడాది అక్టోబరు 5న కలకత్తాని కూడా పెద్ద తుఫాను కొట్టింది. నెల తిరగకుండా రెండు రేవులు మునిగేసరికి దొరలకి కూడా గట్టిగానే తగిలింది. 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికల ఏర్పాటు మొదలుపెట్టారు. 1875లో వాతావరణ శాఖ పుట్టడానికి చెప్పే కారణాల్లో ఆ 1864 కలకత్తా తుఫాను ఒకటి, తర్వాత వచ్చిన కరువులు ఇంకొకటి. క్రమంగా మిగతా రేవులకీ హెచ్చరికలు వచ్చాయి. మనం టీవీలో వినే "మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక" అన్న మాటకి మూలం అదే. ఒకటి, రెండు అంటే తుఫాను దూరంగా ఉందని. మూడు, నాలుగు అంటే రేవుకి గాలి దెబ్బ తగలొచ్చని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం. ఎనిమిది నుంచి పది దాకా అతి ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరికలు పంపే ఆఫీసుతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. మా చిన్నప్పుడు పదో నంబరు అంటేనే ఒళ్ళు జలదరించేది. పదకొండు ఉందని నాకు పెళ్ళయ్యాక తెలిసింది.

ఒక్క సంగతి గమనించండి. ఆ జెండాలూ దీపాలూ ఓడల వాళ్ళ కోసం. లంగరు వేసుకోండి, లోపలికి పొండి, బయటికి రాకండి అని చెప్పడానికి. రేవు నుంచి పది మైళ్ళ అవతల తాటాకు గుడిసెలో కూర్చున్న తల్లికి ఆ జెండా ఏం చెబుతుంది? నూరేళ్ళ పైన ఆ లోటు అలాగే ఉండిపోయింది. ఆ లోటుకి బలైంది మా దివిసీమ.

దివిసీమ అంటే తెలియని వాళ్ళకి చెబుతాను. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా విడిపోయి సముద్రంలో కలుస్తుంది. ఆ రెండు పాయల మధ్య ఉన్న నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అందులోవే. చివర్న హంసలదీవి. చేపలు, వరి, పశువులు. నేల అరచెయ్యిలా చదునుగా ఉంటుంది, ఎక్కడానికి మెరక ఉండదు. చుట్టూ నీళ్ళు.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. మరి చీరాల దగ్గర దాటితే దివిసీమ ఎందుకు మునిగింది? నాకు ఈ అనుమానం చాలా ఏళ్ళు ఉండేది. మజ్జిగ చిలికేటప్పుడు చూడండి, కవ్వం చుట్టూ మజ్జిగ తిరుగుతుంది. తుఫానులో గాలి అలాగే గుండ్రంగా, గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తుఫాను తీరం దాటేటప్పుడు దానికి కుడివైపున ఉన్న ఊళ్ళ మీద గాలి సముద్రం నుంచి నేల మీదకి వీస్తుంది, నీళ్ళని తోసుకొస్తుంది. ఎడమవైపున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. చీరాలకి కుడివైపున నిజాంపట్నం ఉంది, దాని పక్కన దివిసీమ ఉంది. అక్కడ సముద్రం లోతు తక్కువ. లోతు తక్కువైతే తోసుకొచ్చిన నీళ్ళకి పోవడానికి చోటు ఉండదు, పైకి లేస్తాయి. అలా లేచిన నీళ్ళు దాదాపు 5 మీటర్ల ఎత్తున, అంటే ఒకటిన్నర అంతస్తు అంత, ఊళ్ళ మీద పడ్డాయి. కొన్నిచోట్ల 10 కిలోమీటర్లు దాటి లోపలికి వచ్చాయి. తుఫాను కన్ను మన ఊరికి దూరంగా దాటుతుందట, ఇక భయం లేదు అనేవాళ్ళకి నేను ఈ కవ్వం సంగతే చెబుతాను.

అధికారిక లెక్కల్లోనే పోయినవాళ్ళు పదివేల దాకా ఉన్నారు. జనం చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి పేర్లు అప్పటిదాకా జిల్లాలోనే చాలామందికి తెలియవు, ఆ వారం దేశమంతా పేపర్లలో చదివింది.

హెచ్చరిక లేదా అంటే ఉంది. రేడియోలో చెప్పారు. కానీ ఆ తుఫాను నడుమ దారి మార్చి ఉత్తరానికి మళ్ళింది. చెప్పిన మాటలు కూడా ఎలాంటివి? గంటకి ఇన్ని కిలోమీటర్ల గాలి, చేపల వేటకి వెళ్ళవద్దు. గాలి అంటే దివిసీమ వాళ్ళకి కొత్తా? గాలివాన వస్తే ఇంటి కప్పు మీద తాళ్ళు బిగించి, తలుపులేసుకుని లోపల కూర్చోవడం వాళ్ళకి తెలిసిన జాగ్రత్త. అందుకని ఇళ్ళల్లోనే ఉన్నారు. ఉప్పెనకి మాత్రం ఇంట్లో ఉండటమే ప్రమాదం. బందరు ఉప్పెన వచ్చి అప్పటికి 113 ఏళ్ళు. దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరూ మిగిలి లేరు. గాలికి చెయ్యాల్సింది ఒకటి, నీళ్ళకి చెయ్యాల్సింది ఇంకొకటి అని చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఇప్పుడు మన సంగతి. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు ఎక్కువగా చెట్లు పట్టుకున్నవాళ్ళు, డాబాలు ఎక్కినవాళ్ళు. తాటిచెట్టు ఎక్కడం మగపిల్లలకి ఆట. ఆడపిల్లకి ఎవరు నేర్పారు? చంకలో బిడ్డ, కొంగు పట్టుకున్న ఇంకో బిడ్డ, నీళ్ళకి కాళ్ళకి చుట్టుకుపోయే చీర. తుమ్మ ముళ్ళకి చీరలూ జుట్టూ చిక్కుకుని ఉండిపోయిన ఆడవాళ్ళ గురించి సాయానికి వెళ్ళి వచ్చినవాళ్ళు మా ఇళ్ళల్లో గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు. పిల్లలం వింటున్నామని గమనిస్తే ఆపేసేవాళ్ళు. ఇది దివిసీమ ఒక్కదాని సంగతి కాదు. 1991లో బంగ్లాదేశ్ తుఫాను తర్వాత లెక్క తీస్తే 20 నుంచి 44 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో వెయ్యికి 71 మంది, అదే వయసు మగవాళ్ళలో వెయ్యికి 15 మంది పోయారని తేలింది. దాదాపు అయిదు రెట్లు. ఆయన వచ్చాక వెళదాం అని ఎదురుచూసినవాళ్ళు, పశువుల్నీ సామాన్లనీ వదల్లేక ఆగినవాళ్ళు, నలుగురు మగవాళ్ళున్న చోట రాత్రంతా ఎలా ఉంటాం అని సంకోచపడినవాళ్ళు అక్కడ ఉన్నారు. ఇక్కడ మాత్రం లేరా? తుఫాను షెల్టరులో ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్డి ఉందా అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అది లేక కదలని ఇళ్ళు ఎన్నో ఉంటాయి.

ఉప్పెన తర్వాత రాష్ట్రం కదిలిందని చెప్పుకోవాలి. అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకట కృష్ణారావు గారు జనం మధ్యే ఉండి సాయం పనులు చూశారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా విరాళాలు పోగుచేశారు. మదర్ థెరెసా వచ్చారు. ఎన్నో సంస్థలు పక్కా ఇళ్ళ కాలనీలు కట్టించాయి.

మా అత్తగారిది గుడివాడ. బందరుకీ బెజవాడకీ మధ్య రైలు దారిలో ఉన్న ఊరు. ఉప్పెన గుడివాడ దాకా రాదు, కాబట్టి తుఫాను కబురొస్తే బందరు చుట్టాలందరికీ అదే దిక్కు. మధ్యాహ్నం బండికి ఎంతమంది దిగుతారో తెలియదు కాబట్టి అత్తయ్య పొద్దున్నే రెండు శేర్ల బియ్యం ఎక్కువ కడిగేది. పెద్ద గంగాళాల నిండా మంచినీళ్ళు పట్టించేది. అగ్గిపెట్టెలు నూనెగుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచేది. ఊరగాయ జాడీలు, చింతపండు, ఉప్పు పైమెట్టుకి ఎక్కేవి. ఎండు పిడకలు, పొట్టు వంటింటి మూలకి చేరేవి. పొలం కాగితాలు, పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం ఒక మూటలో ఆవిడ నడుముకే ఉండేది. చివరగా దొడ్లోకి వెళ్ళి గేదెల పలుపులు విప్పేది. కట్టేసిన గొడ్డు నిలబడ్డ చోటే పోతుంది, విప్పితే దాని దారి అది చూసుకుంటుంది అనేది. ఈ చివరి పని ఇప్పటికీ తుఫాను జాగ్రత్తల్లో చెబుతారు.

గుడివాడ వాళ్ళ దిగులు వేరు. కార్తీకం అంటే వరి కంకి బరువెక్కి ఉండే రోజులు. ముందు కోసిన పొలాల్లో పనలు పరిచి ఉంటాయి. గాలికి పడిపోయిన చేలో నీళ్ళు నిలిస్తే గింజ మొలకెత్తుతుంది. ఏడాది కష్టం మూడు రోజుల్లో పోతుంది. అందుకే తుఫాను ముందురోజు ఊరంతా చేలోనే ఉంటుంది. ఉన్న పనల్ని ఎలాగోలా కుప్ప వెయ్యాలి. కూలి ఎంత అడిగితే అంత. ప్రాణం పోదు గానీ, ఆ నవ్వు లేని మొహాలు చూస్తే తెలుస్తుంది అదేం నష్టమో.

1977 తర్వాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు. కాళ్ళ మీద నిలబెట్టినట్టు, కింద నుంచి నీళ్ళు పోయేలా. సరుగుడు తోటలు పెంచారు. మడ అడవి అడ్డం ఉన్న చోట నీటి ఉధృతం తగ్గిందని ఊళ్ళవాళ్ళు ముందే చెప్పారు, తర్వాత చదువుకున్నవాళ్ళూ అదే అన్నారు. ఉపగ్రహం ద్వారా ఊళ్ళకే నేరుగా తెలుగులో హెచ్చరిక పంపే యంత్రాలు వచ్చాయి. ఓడలకి చెప్పే మాట గుడిసెలకి చేరడానికి అన్నాళ్ళు పట్టింది.

ఫలితం 1990లో తెలిసింది. మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే భారీ తుఫాను దాటింది. 1977 నాటిదానికి తీసిపోని గాలి. ముందే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. పోయినవాళ్ళు వెయ్యి లోపు. వెయ్యి తక్కువేం కాదు. కానీ 1977 చూసినవాళ్ళు ఆ అంకె విని దణ్ణం పెట్టుకున్నారు. 2003 డిసెంబరు తుఫానుకీ, 2010లో లైలాకీ, 2013లో హెలెన్‌కీ తరలింపు ఒక అలవాటుగా మారింది. ఈ పేర్లు కూడా 2004 నుంచే. అంతకుముందు తుఫానులకి మా దగ్గర సంవత్సరమే పేరు. డెబ్భై ఏడు, తొంభై అంటే చాలు.

2025 అక్టోబరు చివర్లో మొంథా వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు మరో మాట లేదు. పాత వీడియోలు, ఎక్కడివో తాటిచెట్ల బొమ్మలు, "అర్ధరాత్రి ఉప్పెన ఖాయం" అని పేరు లేని వాయిస్ మెసేజీలు. మా అత్తయ్య కాలంలో భయం ఏం జరుగుతుందో తెలియక, ఇప్పుడు ఎక్కువ తెలిసి. నేను ఫోను పక్కన పెట్టి ఆవిడ పద్ధతే పాటించాను. నీళ్ళ ట్యాంకు నింపాను, ఫోన్లూ టార్చీలూ ఛార్జింగు పెట్టాను, రోజూ వేసుకునే బీపీ మాత్రలు వారానికి సరిపడా తెప్పించాను, ఆధార్, పాసుపుస్తకం ప్లాస్టిక్ సంచీలో వేశాను. బందరు నుంచి మా పిన్ని కూతురు ఇద్దరు పిల్లలతో వచ్చింది. ఈసారి రైల్లో కాదు, కార్లో. పొద్దున్నే రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ పెట్టాను.

28 అర్ధరాత్రి వేళ అది నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు గాలీ వానా. తెల్లారేసరికి మా చేలో కంకులన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయి. మా ఆయన గట్టు తెగ్గొట్టి నీళ్ళు బయటికి వదలడానికి వెళ్ళారు. నేను వ్యవసాయశాఖ వాళ్ళు ఎప్పుడూ చెప్పే లెక్క చూసుకుని, లీటరు నీళ్ళకి 50 గ్రాముల చొప్పున కల్లుప్పు తూచి డ్రమ్ముల్లో కలపడం మొదలుపెట్టాను. మొలక రాకుండా పడిన చేను మీద చల్లడానికి. పిన్ని కూతురు కూడా కొంగు బిగించి వచ్చింది.