అరవై అడుగుల మినహాయింపు

మా కోనసీమలో పనసకాయ కొట్టే ముందు కత్తికీ చేతులకీ నూనె రాసుకుంటారు. మర్చిపోతే ఆ జిగురు రెండు రోజులు వదలదు. ఈ సంగతి నాకు అమెరికాలో, పసిఫిక్ సముద్రం ఒడ్డున మళ్ళీ గుర్తొచ్చింది.

2018 చివర్లో ఒక క్లయింటు పని మీద ఏడు నెలలు శాంటా బార్బరాలో ఉన్నాను. ఆ చలికాలం అమ్మా నాన్నగారూ వచ్చారు. మొదటి రోజు సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్తే, ఇంటికొచ్చేసరికి ముగ్గురి పాదాలకీ నల్లటి తారు ముద్దలు. సబ్బుకి లొంగలేదు. అమ్మ సూట్‌కేసులోంచి కొబ్బరినూనె సీసా తీసి, "పనస జిగురుకి చేసినట్టే చెయ్యండి" అంది. వదిలిపోయింది.

నాన్నగారి దృష్టి మాత్రం కాళ్ళ మీద లేదు. చీకటి పడ్డాక సముద్రంలో వరసగా కనిపిస్తున్న దీపాల గురించి అడిగారు.

"అవి ఓడలా?"

"కాదు నాన్నగారూ, ఆయిల్ ప్లాట్‌ఫారాలు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఇక్కడికీ వచ్చారన్నమాట" అన్నారు.

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో 19వ నంబరు బావి పేలినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా ఊరు అక్కడికి మూడు మైళ్ళు. 65 రోజులు ఆ మంట ఆరలేదు. రాత్రిళ్ళు మా పెరట్లో కొబ్బరిచెట్ల నీడలు కదిలేవి. ఆ వెలుగులో ఎక్కాలు చదివానని చెబితే ఇక్కడి పిల్లలు నమ్మరు. బావి చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. మా ఇంట్లో రెండు కుటుంబాలు, మూడు గేదెలు తలదాచుకున్నాయి. మంట ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు వచ్చారంటే మేమంతా వాళ్ళని చూడ్డానికి సైకిళ్ళేసుకుని పోయి, పోలీసుల చేత తిట్లు తిని తిరిగొచ్చాం. బావి ఎందుకు పేలిందో మాకు ఎవరూ చెప్పలేదు. అడగాలని కూడా అప్పట్లో ఎవరికీ తోచలేదు. నాన్నగారు హైస్కూల్లో సైన్సు మేష్టారు. క్లాసులో ఎవరో కుర్రాడు అడిగితే "తెలీదురా" అనాల్సి వచ్చిందని ఆయనకి ఇప్పటికీ లోపల గుచ్చుకుంటుంది.

కాబట్టి మర్నాడే నన్ను ఊరి లైబ్రరీకి తీసుకెళ్ళమన్నారు. మేం చదివిన కథ ఇది.

ముందు ఒక మాట చెప్పాలి. మా కాళ్ళకంటిన తారు ఏ కంపెనీదో అనుకుని కోపం తెచ్చుకోనక్కర్లేదు. అక్కడ సముద్రగర్భంలోంచి నూనె దానంతట అదే ఊరుతూ ఉంటుంది. తెల్లవాళ్ళు రాకముందు ఆ తీరంలో ఉండే చూమాష్ జాతి వాళ్ళు ఆ తారుతోనే తమ చెక్క పడవల సందులు పూడ్చుకునేవారు. పక్కనే ఉన్న సమ్మర్‌లాండ్ అనే చిన్న ఊళ్ళో 1890ల్లోనే సముద్రంలోకి చెక్క వంతెనలు కట్టి వాటి మీంచి బావులు తవ్వారు. నూనెతో ఆ ఊరికి పరిచయం కొత్తది కాదు.

అసలు గొడవ 1968లో మొదలైంది. ఒడ్డు నుంచి మూడు మైళ్ళ వరకూ సముద్రం కాలిఫోర్నియా రాష్ట్రానిది, అది దాటితే కేంద్రానిది. వియత్నాం యుద్ధం ఖర్చులతో సతమతమవుతున్న జాన్సన్ ప్రభుత్వం ఆ దాటిన భాగాన్ని ముక్కలు చేసి 1968 ఫిబ్రవరిలో వేలం వేసింది. 60 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది. అందులో ఒక ముక్కని యూనియన్ ఆయిల్, మరో మూడు కంపెనీలు కలిసి 6 కోట్ల 10 లక్షలకు పాడుకున్నాయి. ఊరివాళ్ళూ కౌంటీ అధికారులూ కొంతకాలం ఆగమని బతిమాలినా వినలేదు. ప్లాట్‌ఫారం కట్టే ముందు బహిరంగ విచారణ పెట్టమంటే అదీ పెట్టలేదు.

బావి తవ్వేటప్పుడు పైభాగం కూలిపోకుండా, లోపలి వత్తిడి పక్కలకి చీల్చుకుపోకుండా ఇనప గొట్టం దింపి సిమెంటు పోస్తారు. దాన్నే కేసింగ్ అంటారు. మా ఊళ్ళో నుయ్యికి ఒరలు దింపినట్టే అనుకోండి. కేంద్రం రూలు ప్రకారం ఆ మొదటి గొట్టం సముద్రపు నేల కింద కనీసం 300 అడుగులు ఉండాలి. కంపెనీ మినహాయింపు అడిగింది. కేంద్ర భూగర్భ సర్వే శాఖ సరేనంది. దాదాపు 240 అడుగులతో సరిపెట్టారు. దాని తర్వాత దింపాల్సిన రెండో గొట్టం విషయంలోనూ అంతే. మూడు మైళ్ళ లోపల, రాష్ట్రం నీళ్ళలో అయితే ఆ బావికి అనుమతి వచ్చేది కాదు. అక్కడి రూళ్ళు మరింత కఠినం.

1969 జనవరి 28 ఉదయం, ప్లాట్‌ఫారం 'ఏ' మీద అయిదో బావి దాదాపు 3,500 అడుగులు తవ్వి, డ్రిల్లు గొట్టాలు పైకి లాగుతున్నారు. బావిలో బురద నింపి ఉంచుతారు, ఆ బరువే కింది గ్యాస్‌ని అణిచిపెడుతుంది. గొట్టాలు లాగేసరికి ఆ బరువు చాల్లేదు. గ్యాస్ తన్నుకొచ్చింది. పనివాళ్ళు చేయాల్సిందే చేశారు. గొట్టాలు లోపలికి వదిలేసి బావి మూతి మూసేశారు. మూతి మూతపడింది గానీ, లోపల వత్తిడి పెరిగి, ఒర లేని చోట మట్టిని చీల్చుకుని సముద్రపు నేలలో పగుళ్ళ గుండా నూనె ఉబికింది. బావిని మూయొచ్చు, నేలని ఎలా మూస్తారు? ప్రధాన ధారని ఆపడానికి 11 రోజులు పట్టింది. తర్వాత కూడా నెలల తరబడి కారుతూనే ఉంది. 80 వేల నుంచి లక్ష పీపాల నూనె పోయిందని అంచనా. చచ్చిన పక్షుల లెక్క 3,500కి పైనే. ఒడ్డున నూనె పీల్చడానికి వాడిందేమిటో తెలుసా? గడ్డి. చంద్రుడి మీదికి మనిషిని పంపబోతున్న దేశం, జైలు ఖైదీల చేతా కాలేజీ కుర్రాళ్ళ చేతా ఇసక మీద ఎండుగడ్డి పరిపించింది. నాన్నగారు ఆ ఫొటో దగ్గర చాలాసేపు ఆగిపోయారు.

ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. టెస్టింగ్ పూర్తికాకుండా ప్రొడక్షన్‌లోకి పంపడానికి "ఈ ఒక్కసారికి" అని సంతకం పెట్టిన ఫారాలు నావీ కొన్ని ఉన్నాయి. ఆ రాత్రుళ్ళు నిద్ర పట్టదు. కానీ తెల్లారి ఏమీ కాకపోతే రెండోసారి సంతకం సులువవుతుంది. ప్లాట్‌ఫారం 'ఏ' మీద అంతకుముందు నాలుగు బావులు ఇలాంటి ఉపద్రవం లేకుండానే తవ్వారు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన ఆఫీసరు దుర్మార్గుడని నేననుకోను. నాలాంటివాడే అయ్యుంటాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. శాంటా బార్బరా అప్పట్లో డబ్బున్నవాళ్ళూ రిటైరైన వాళ్ళూ ఉండే ఊరు, విప్లవాల ఊరు కాదు. అలాంటివాళ్ళు 'గెట్ ఆయిల్ అవుట్' అని సంఘం పెట్టి సంతకాలు సేకరించారు. మార్చిలో అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా వచ్చి బీచ్ మీద నడిచాడు. 1970 జనవరి 1న జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ చట్టం శాంటా బార్బరా ఒక్క దానివల్లే వచ్చిందనడం అతిశయోక్తి, కానీ ఆ నూనె మరక లేకపోతే అంత సునాయాసంగా నెగ్గేది కాదు. అది దేన్నీ ఆపమనదు. ప్రభుత్వం ఏదైనా పెద్దపని తలపెట్టే ముందు దానివల్ల ఏం జరగొచ్చో కాగితం మీద రాసి, జనానికి చూపించి, వాళ్ళు చెప్పేది వినాలి అంటుంది. అంతే. ఈ ఆలోచనే పాతికేళ్ళకి మన దేశానికీ చేరింది. 1994 జనవరిలో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వచ్చింది, పాశర్లపూడి పేలుడికి ఏడాది ముందు.

చట్టం వచ్చాక మినహాయింపులు పోయాయా? 2009లో మెక్సికో అఖాతంలో మకాండో బావికి పూర్తి పర్యావరణ పరిశీలన అక్కర్లేదని కేంద్ర ఖనిజ నిర్వహణ శాఖ తేల్చింది. ప్రమాదం పెద్దగా ఉండని పనులకి చట్టంలో ఒక పక్కదారి ఉంది, ఆ దారిలో పంపింది. ఆ శాఖ చేతిలోనే తనిఖీ బాధ్యతా, కంపెనీల నుంచి రాయల్టీ వసూలు చేసే బాధ్యతా రెండూ ఉండేవి. అందులో కొందరు ఉద్యోగులు ఆయిల్ కంపెనీల నుంచి బహుమతులు, విందులు పుచ్చుకున్నారని 2008లోనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక బయటపెట్టింది. బీపీ కంపెనీ ఇచ్చిన అఖాతం ప్రమాద ప్రణాళికలో వాల్రస్‌లని కాపాడే సంగతి రాశారు. మంచు సముద్రాల్లో తప్ప బతకని జంతువది. ఎక్కడిదో కాగితం కాపీ కొట్టారు, సంతకం పెట్టినవాళ్ళు చదవలేదు. 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది పోయారు. 87 రోజులు నూనె కారింది. మొదట రోజుకి వెయ్యి పీపాలన్నారు. ప్రభుత్వ శాస్త్రవేత్తల చివరి లెక్కలో మొత్తం 49 లక్షల పీపాలయింది. తర్వాత ఆ శాఖని రద్దుచేసి, ముక్కలు చేసి, పేర్లు మార్చారు. కంపెనీ వేల కోట్ల డాలర్లు కట్టింది. ఆ 11 చావులకి జైలుకెళ్ళినవాడు ఒక్కడూ లేడు.

2020 జనవరిలో మన కేంద్ర ప్రభుత్వం కూడా చమురు, గ్యాస్ అన్వేషణ బావుల్ని ప్రభావ అంచనా నివేదికా, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేని జాబితాలోకి మార్చింది. అన్వేషణే కదా, ఉత్పత్తి కాదు కదా అన్నది వాదన. నేల కింద ఏముందో తెలియని దశలోనే ఒర ఎక్కువ లోతు కావాలని సైన్సు మేష్టారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో ఆ వార్త చదివి వినిపించినప్పుడు ఆయన "ఎన్ని అడుగులు తగ్గించార్రా?" అని మాత్రం అడిగారు.

నేను చమురు వద్దనే మనిషిని కాను. రోజూ నలభై మైళ్ళు కారు నడుపుతాను. మా పెదనాన్న కొడుకు ఆ గ్యాస్ బావుల మీద జీతంతోనే ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళు చేశాడు. వాడి ముందు ఈ కబుర్లు చెబితే నవ్వుతాడు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయినప్పుడు మాత్రం నవ్వలేదు. పాశర్లపూడి, నగరం రెండూ ఒకే మండలంలో ఉన్నాయి.

ఆ ఏడాది నాన్నగారు సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయానికి అర్జీ పెట్టారు. మా వీధి పక్కనుంచి పోయే పైపుని ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఆ కాగితం నకలు ఇవ్వండి అని. వ్యాపార రహస్యం కనుక ఇవ్వలేమని జవాబు వచ్చింది. ఆయన దాన్ని మడిచి బీరువాలో పెట్టేశారు.

శాంటా బార్బరా నుంచి వెళ్ళాక దాన్ని బయటికి తీసి మళ్ళీ కొత్త అర్జీ పెట్టారు. మళ్ళీ అదే జవాబు. మొదటి అప్పీలు అయింది, రెండో అప్పీలు రాస్తున్నారు. ఇప్పుడాయనకి డెబ్భై నాలుగు. కిందటి వారం ఫోన్ చేసి, "ఆ లైబ్రరీ పుస్తకంలో గొట్టం అడుగులు తగ్గించిన పేజీ ఉంది చూడు, దాని జిరాక్స్ పంపించు. అప్పీలుకి జతచేస్తాను" అన్నారు.

"యాభై ఏళ్ళ కిందటి అమెరికా పేజీ వాళ్ళకెందుకు నాన్నగారూ?"

"ముందు నువ్వు పంపరా" అన్నారు.

శనివారం ఆ పుస్తకం మా ఊరి లైబ్రరీ నుంచి తెప్పించి పంపాను. ఒక్క పేజీ సరిపోదనిపించి, పదకొండు పేజీలు స్కాన్ చేశాను.