టిస్ నుండి నాస్ వరకు: నర్సు శ్రమకు కొలత

మీ ఆత్మీయులెవరైనా ఐసీయూలో ఉన్నప్పుడు వెంటిలేటర్‌ను, మానిటర్‌ను చూచి ఎన్నో ప్రశ్నలు అడిగి ఉంటారు. ఈ రాత్రి ఒక్క నర్సు ఎన్ని మంచాలు చూడవలసి ఉన్నదని అడిగేవారు మాత్రం అరుదు. ఆ లెక్కకు యాభై ఏళ్ల చరిత్ర ఉన్నది.

1974లో అమెరికాలో డేవిడ్ కల్లెన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ‘టిస్’ అనే కొలతను ప్రకటించారు. జబ్బు పేరు ఏదైనా, రోగి పరిస్థితి విషమించిన కొద్దీ అతనికి చేయవలసిన చికిత్సలు పెరుగుతాయన్నది వారి ఆలోచన. 57 చికిత్సలను ఎంచి, ఒక్కొక్కదానికి ఒకటి నుండి నాలుగు పాయింట్లు ఇచ్చారు. 1983 నాటికి ఆ పట్టిక 76 అంశాలకు పెరిగింది. రాత్రి డ్యూటీలో దానిని పూరించే ఓపిక ఎవరికి ఉంటుంది? 1996లో నెదర్లాండ్స్‌కు చెందిన మిరాండా బృందం దానిని 28 అంశాలకు కుదించింది. ఒక నర్సు ఒక షిఫ్టులో 46 పాయింట్ల పని చేయగలదని లెక్క కట్టింది. అంటే ఒక పాయింటుకు సుమారు పది నిమిషాలు.

లోపం అక్కడే ఉన్నది. ఆ పట్టిక ప్రధానంగా లెక్కించినది వైద్యుడు ఆదేశించిన చికిత్సలను.

నేను ప్రభుత్వ సేవలో ఉన్న రోజులలో మాకు ఈ పట్టికలు తెలియవు. అయినా నా మనసులోని కొలత అదే. ఒక సాయంత్రం ఒక రోగికి వెంటిలేటర్ తీసివేశాము. ఇక పని తగ్గినదనుకొని, అక్కడి ఇద్దరు సిస్టర్లలో ఒకరిని వేరే వార్డుకు పంపించాను. ఆ రాత్రి అతడు మతి స్తిమితం లేక గొట్టాలు పీక్కోబోయాడు. మిగిలిన సిస్టర్ తెల్లవారేదాకా అతని చేయి వదలలేదు. పక్క మంచంలోని వృద్ధురాలిని ఒక్కసారి కూడా పక్కకు తిప్పే వీలు చిక్కలేదు. రెండు రోజులకు ఆమె నడుము వద్ద పుండు కనిపించింది. ఆ సిస్టర్ నన్ను ఏమీ అనలేదు.

2003లో అదే మిరాండా బృందం ‘నాస్’ అనే కొత్త కొలతను వెలువరించింది. రోగిని శుభ్రపరచడం, పక్కకు తిప్పడం, బంధువులతో మాట్లాడి ధైర్యం చెప్పడం, కాగితాలు రాయడం అందులో చేరాయి. ఇందులో నూరు పాయింట్లంటే ఇరవైనాలుగు గంటలకూ ఒక నర్సు పూర్తి సమయం. 28 అంశాల టిస్ నర్సు సమయంలో 43 శాతాన్నే వివరించగా, నాస్ 81 శాతాన్ని వివరించినదని వారు చూపారు.

అయితే నాస్ లెక్కించేది గడచిన ఇరవైనాలుగు గంటలను. ఈ రాత్రి ఎవరిని ఏ మంచం వద్ద ఉంచాలో ఇన్‌చార్జి సిస్టరే రోగిని చూచి నిర్ణయించాలి.