తెలుగు కౌబాయ్ చిత్రాలు

తెలుగు కౌబాయ్ చిత్రాలు అనగా అమెరికా పశ్చిమ ప్రాంతపు వేషధారణ, గుర్రపు స్వారీ, తుపాకీ పోరాటాలు ప్రధానంగా గల తెలుగు సాహస చలనచిత్రాలు. వీటిలో 1971లో విడుదలైన మోసగాళ్ళకు మోసగాడు సుప్రసిద్ధమైనది. హాలీవుడ్‌లో చౌకగా, విరివిగా తయారైన ఈ తరహా చిత్రాలు తెలుగులో మాత్రం శ్రమతో, ఖర్చుతో కూడినవి. అందుచేతనే వీటి సంఖ్య స్వల్పం.

నేపథ్యం

1930, 40 దశకాలలో అమెరికా సినిమా హాళ్ళలో ఒకే టికెట్టుపై రెండు చిత్రాలు ప్రదర్శించడం పరిపాటి. వాటిలో రెండవది సుమారు గంట నిడివితో, తక్కువ ఖర్చుతో తయారయ్యేది. రిపబ్లిక్, మోనోగ్రామ్ వంటి చిన్న సంస్థలకు ఇవే జీవనాధారం. లాస్ ఏంజెలెస్ సమీపంలోని రాతి గుట్టలు, పాత సెట్లు, గుర్రాలు చిత్రం తరువాత చిత్రానికి పనికివచ్చేవి. జాన్ వేన్ 1939లో స్టేజ్‌కోచ్‌తో పెద్ద తార కాకమునుపు ఇటువంటి చిత్రాలలోనే నటించాడు.

అడవి చిత్రాలదీ ఇదే దారి. టార్జాన్ పాత్రధారి జానీ వైస్‌ముల్లర్ 1948 నుండి కొలంబియా సంస్థ వారి జంగిల్ జిమ్ చిత్రాలలో నటించాడు. పాత చిత్రాలలోని జంతువుల దృశ్యాలను వీటిలో అతికించేవారు. 1960లలో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోన్ కౌబాయ్ కథలకు కొత్త రూపమిచ్చాడు. తెలుగువారు ప్రధానంగా అనుసరించినది ఈ ఇటలీ బాణీనే.

మోసగాళ్ళకు మోసగాడు

నటుడు కృష్ణ కుటుంబానికి చెందిన పద్మాలయా సంస్థ తొలి చిత్రం అగ్నిపరీక్ష (1970) విజయవంతం కాలేదు. ఆ దెబ్బ తరువాత కుటుంబకథ వంటి సురక్షితమైన మార్గం విడిచి, తెలుగు తెరకు అలవాటు లేని ఇతివృత్తాన్ని చేపట్టడం తెగింపే. అంతకుముందు రౌడీరాణి (1970) తీసిన కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వం వహించగా, ఆరుద్ర రచన, వి.ఎస్.ఆర్.స్వామి ఛాయాగ్రహణం సమకూర్చారు. మద్రాసు పరిసరాలలో ఎడారి లేదు కనుక చిత్రబృందం రాజస్థాన్ తరలివెళ్ళవలసి వచ్చింది.

దాచిన నిధి కోసం పోటీపడే మోసగాళ్ళ కథ ఇది. టోపీలు, బూట్లు ధరించిన మనుషుల నడుమ నక్కజిత్తుల నాగన్న (నాగభూషణం) వంటి అచ్చతెలుగు పేరు వినిపిస్తుంది. ఈ పొంతనలేనితనం లోపం కాలేదు సరికదా, ఆకర్షణ అయినది. విఠలాచార్య జానపదాలలో నిధులు, గుర్రాలు, మారువేషాలు చూసిన ప్రేక్షకునికి ఇది కత్తికి బదులు తుపాకీ పట్టిన జానపదమే. చిత్రం ఘనవిజయం సాధించి తమిళం, హిందీ, ఆంగ్ల భాషలలోకి అనువాదమైనది. ఆంగ్లంలో దీని పేరు ట్రెజర్ హంట్.

తరువాతి చిత్రాలు

అడవి సాహసాలలో కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో చిరంజీవి నటించిన అడవి దొంగ (1985) పేర్కొనదగినది. ఇది టార్జాన్ తరహా కథ. చిరంజీవే 1990లో కొదమసింహం అనే కౌబాయ్ చిత్రంలో నటించాడు. 2002లో జయంత్ సి.పరాన్జీ దర్శకత్వంలో కృష్ణ కుమారుడు మహేష్ బాబు కథానాయకుడుగా టక్కరి దొంగ వచ్చింది. అమెరికాలో కూడా చిత్రీకరించిన ఈ భారీ చిత్రం ఆశించిన విజయం పొందలేదు. కృష్ణ 2022 నవంబరు 15న మరణించాడు. మరుసటి సంవత్సరం ఆయన జయంతి సందర్భంగా, మే 31న, మోసగాళ్ళకు మోసగాడు చిత్రాన్ని మళ్ళీ విడుదల చేశారు.