తుపాకీ ఎవరి ఇంటికి ముందు వెళ్తుంది? (7వ భాగం)

పోయిన భాగంలో చుండూరు గురించి రాశాక ఒక విద్యార్థి మెసేజ్ పెట్టాడు: "అన్నా, మనవాళ్ల దగ్గర తుపాకులుంటే వాళ్లు చంపగలిగేవాళ్లా?" కోపంలో అడిగాడు. కానీ అది పాత ప్రశ్నే. దాని మీద బాబాసాహెబ్ రెండుసార్లు మాట్లాడాడు. ఆ రెండు మాటలూ ఒకేలా వినిపించవు.

1936లో, 'కుల నిర్మూలన'లో. ఇన్ని తరాలుగా తొక్కుతుంటే కింది కులాలు ఎందుకు తిరగబడలేదని అడిగి, ఆయుధం పట్టనివ్వలేదు కాబట్టి అని జవాబు చెప్పాడు. రాసింది సుబేదారు కొడుకు. కంపెనీ కాలం నుంచి సైన్యంలో ఉన్న మహర్లకు బ్రిటిష్ వాళ్లు 1890లలో "యుద్ధ జాతులు" అనే లెక్క చెప్పి తలుపు మూశారు. సైన్యమంటే జీతం, పెన్షన్, పిల్లల చదువు. ఆ తలుపు మూసుకుపోవడం ఏమిటో ఆ ఇంటికి బాగా తెలుసు.

రెండోసారి 1948 డిసెంబరులో, రాజ్యాంగ సభలో. 1878 ఆయుధాల చట్టం మీద కోపంతో 1931 కరాచీ కాంగ్రెస్ ఆయుధం కలిగి ఉండే హక్కును తన తీర్మానంలో చేర్చింది. దాన్ని ప్రాథమిక హక్కుల్లో పెట్టమని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చాడు. కాదన్నది అంబేడ్కరే! ఎవరికి వాళ్లు బజారుకెళ్లి ఆయుధాలు కొనుక్కుంటే రాజ్యం పాలన ఎలా చేస్తుందన్నాడు.

(ఒక పక్క మాట. కొడగు కొడవలకు బ్రిటిష్ వాళ్లిచ్చిన లైసెన్సు మినహాయింపు ఇప్పటికీ నడుస్తోంది, 2029 దాకా పొడిగించారు. ఆయుధాల చట్టానికి పుట్టుకతో పనిలేదని ఎవరైనా అంటే ఇది చూపించండి.)

పన్నెండేళ్లలో మాట మార్చాడా? నాకలా అనిపించదు. ఇది నా వాదన, ఆయన సభలో చెప్పింది కాదు: భూమి, అప్పు, పోలీసు స్టేషనుతో స్నేహం అన్నీ ఒకే వీధిలో ఉన్న ఊళ్లో "అందరికీ ఆయుధ హక్కు" అంటే తుపాకీ మొదట ఆ వీధికే వెళ్తుంది. మన వాడకు వచ్చేసరికి కూలి డబ్బులు చాలవు.

1995 మార్చి 31న వచ్చిన అత్యాచారాల నిరోధక నియమాల్లో 3వ నియమం చదవండి. దాడి జరిగే ప్రమాదమున్న ప్రాంతాన్ని ప్రభుత్వం గుర్తించాలి. అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దుచేసి, ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ ఆయుధాలు పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి. మనవాళ్లు ఈ ఆఖరి ముక్కనే స్టేటస్ పెట్టుకుంటారు. నేను మొదటి ముక్క దగ్గర ఆగుతాను.

ఎందుకంటే బీహార్. ఈ నియమం వచ్చిన 15 నెలలకు, 1996 జూలై 11న, బథానీ టోలాలో రణవీర్ సేన 21 మందిని చంపింది. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మంది. ఆ సేనను 1995లోనే నిషేధించారు. నిషేధం కాగితం మీద ఉంది, తుపాకులు చేతుల్లో ఉన్నాయి. కింది కోర్టు శిక్షలు వేసినా పాట్నా హైకోర్టు 2012లో ఒక కేసును, 2013లో రెండో కేసును కొట్టేసి అందరినీ వదిలేసింది.

ఇక చుండూరు, తమ్ముడూ. 1991 ఆగస్టు 6న మనవాళ్లు ఎనిమిదిమందిని చంపడానికి వాళ్లకు తుపాకీ అవసరమే పడలేదు. గొడ్డళ్లు, కత్తులు, ఇనుప రాడ్లు చాలాయి. తుపాకులున్నది ఊళ్లో మకాం వేసిన పోలీసుల దగ్గర. ఆత్మరక్షణ హక్కు 2024 దాకా 1860 నాటి పీనల్ కోడ్ 97వ సెక్షన్‌లో ఉండేది; ఆ హక్కు ఇప్పటికీ అందరికీ ఉంది, మనకూ ఉంది. లైసెన్సు దరఖాస్తు మీద రిపోర్టు రాయాల్సింది మాత్రం మన ఎఫ్ఐఆర్ తీసుకోని స్టేషనే. ఒకవేళ ఆ తుపాకీ వచ్చి, ఒక రాత్రి పేలిందనుకో. తెల్లారేసరికి కౌంటర్ కేసులో మొదటి ముద్దాయివి నువ్వే.

అందుకే లైసెన్సు కోసం రాసే అర్జీ పక్కన పెట్టి, ముందు ఒక ఆర్‌టీఐ రాయి. 3వ నియమం కింద మీ జిల్లాలో ఏ ఊళ్లను గుర్తించారు, ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు, ఆ తుపాకులు ఇప్పుడెక్కడున్నాయి అని అడుగు. జవాబు వస్తే నాకూ పంపు, వచ్చే భాగంలో పెడతాను.

జై భీమ్.