గాజు నమూనా చూపి 46 లక్షల బేరం
యథార్థ గాథ

1891. హైదరాబాద్ సంస్థానం. గద్దె మీద ఉన్నది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. వయసు ఇంకా పాతికేళ్లు నిండలేదు. మంచి రత్నం ఎక్కడుందని తెలిసినా తెప్పించుకునే ప్రభువని దేశమంతటా వర్తకులకు తెలుసు.

అలాంటి ప్రభువు ముందుకు ఒక గాజు ముక్క వచ్చింది. అది గాజేనని చూపించినవాడికీ తెలుసు, చూసినవాడికీ తెలుసు. లండన్‌లో ఉన్న ఒక అపురూప వజ్రానికి అది నమూనా. అసలు వజ్రం దక్షిణాఫ్రికా గనుల్లో దొరికింది. సాన పట్టకముందు 457 క్యారెట్లు, ఆమ్‌స్టర్‌డామ్‌లో సాన పట్టాక దాదాపు 185 క్యారెట్లు తూగింది. వర్తకులు దానికి పెట్టిన పేర్లలో 'ఇంపీరియల్' ఒకటి.

నమూనా తెచ్చినవాడు అలెగ్జాండర్ మాల్కం జేకబ్. సిమ్లాలో రత్నాలు, పురాతన వస్తువులు అమ్మే వర్తకుడు. అతని పుట్టుక గురించి ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవారు. రడ్యార్డ్ కిప్లింగ్ 'కిమ్' నవలలోని లర్గన్ సాహెబ్ పాత్రకు మూలం అతనేనంటారు. వైస్రాయ్ కొలువు నుంచి సంస్థానాధీశుల దాకా అతనికి పరిచయాలున్నాయి.

అయినా నిజాం దగ్గరికి నేరుగా వెళ్లడం అంత తేలిక కాదు. మధ్యలో ఆల్బర్ట్ ఆబిద్ ఉన్నాడు. అర్మీనియన్ సంతతివాడు, నిజాం ఆంతరంగిక సేవకుడు. ప్రభువు దుస్తులు, నగలు, వాచీలు అతని చేతుల మీదుగానే నడిచేవి. హైదరాబాద్‌లో ఈనాటి ఆబిడ్స్‌కు ఆ పేరు అతని దుకాణం వల్లే వచ్చింది. ప్రభువుకు ఏది చూపాలో, ఎప్పుడు చూపాలో నిర్ణయించేది ఆబిద్. బేరం కుదిరితే అతనికీ వాటా ఉంటుంది.

కొనేవాడి నమ్మకం, అమ్మేవాడి కమీషన్ రెండూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఈ కథకు అసలు ముడి ఇదే.

కోటీ 20 లక్షల నుంచి 46 లక్షలకు

జేకబ్ మొదట అడిగిన ధర కోటీ 20 లక్షల రూపాయలని చెబుతారు. నిజాం పెద్దగా ఆసక్తి చూపలేదు. బేరం దిగుతూ వచ్చి 46 లక్షల దగ్గర ఆగింది. మొదటి మాటతో పోలిస్తే సగం కంటే తక్కువ. కొనేవాడికి ఎంతో లాభం చేసుకున్నట్టే అనిపిస్తుంది.

కానీ ఆ వజ్రం లండన్‌లో జేకబ్‌కు పడ్డది సుమారు 21 లక్షలు. అంటే దిగివచ్చిన ధర కూడా అసలుకు రెట్టింపు పైనే. కోటీ 20 లక్షలన్న అంకె ఒకసారి చెవిన పడ్డాక, 46 లక్షలు ఎక్కువా తక్కువా అని తూచడానికి వేరే కొలత లేకుండా పోయింది. ఆ కొలత నిజాంకు చెప్పాల్సిన వ్యక్తికే బేరంలో వాటా ఉంది.

షరతు ఒక్కటే: వజ్రం చూశాక నచ్చితేనే కొంటారు. ఈలోగా సగం సొమ్ము, 23 లక్షలు, బ్యాంక్ ఆఫ్ బెంగాల్‌లో జమ చేయాలి. నిజాం జమ చేశాడు. అప్పటికి ఆయన కళ్లతో చూసింది గాజు నమూనా మాత్రమే.

'నాపసంద్'

జూలైలో వజ్రం హైదరాబాద్ చేరింది. అప్పటికే ఈ బేరం సంగతి బ్రిటిష్ రెసిడెంట్ చెవిన పడింది. సంస్థానం ఖజానా పరిస్థితి చూస్తూ ఇంత సొమ్ము ఒక రాయికి పోయడమేమిటని ఆంగ్ల ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. జేకబ్ వజ్రాన్ని నిజాం ముందు పెట్టాడు. నిజాం చూశాడు. నచ్చలేదన్నాడు. 'నాపసంద్' అన్న ఆ ఒక్క మాటతో 46 లక్షల బేరం తెగిపోయింది.

షరతు ప్రకారం 23 లక్షలు తిరిగి రావాలి. రాలేదు. ఆ సొమ్ము లండన్‌లో వజ్రం కొనడానికే ఖర్చయిపోయింది. నిజాం సొమ్ముతోనే వజ్రం కొని, నిజాంకే రెట్టింపుకు అమ్మబోయిన సంగతి అప్పుడు బయటపడింది.

వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. జేకబ్ మీద క్రిమినల్ కేసు. దేశంలోని పత్రికలు ఆ విచారణ గురించి విస్తృతంగా రాశాయి. నిజాం సాక్ష్యం కోసం కోర్టు కమిషన్ వేయాల్సి వచ్చింది. తన రాజ్యంలో తన మాటే చట్టమైన ప్రభువు, ఒక వర్తకుడితో బేరం గురించి లాయర్ల ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. ఆనాటి దర్బారుకు అంతకు మించిన అవమానం లేదు.

తీర్పు జేకబ్‌కు అనుకూలంగా వచ్చింది. నిర్దోషి అన్నారు. కానీ అతనికి మిగిలింది తీర్పు ఒక్కటే. లాయర్ల ఖర్చులకు ఆస్తి కరిగింది. సంస్థానాధీశులు తలుపులు మూసేశారు. ఒకప్పుడు సిమ్లాను ఏలిన వర్తకుడు 1921లో బొంబాయిలో పేదరికంలో కన్నుమూశాడు.

వజ్రం మాత్రం చివరికి నిజాం దగ్గరే ఉండిపోయింది. ముందు కట్టిన 23 లక్షలకే దక్కిందని చెబుతారు. దాని పేరు చెబితేనే మహబూబ్ అలీ ఖాన్ ముఖం చిట్లించేవారట. 1911లో ఆయన పోయాక, కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది తండ్రి పాదరక్ష ముందు భాగంలో దొరికిందని, ఆయన దాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా వాడారని ప్రసిద్ధం. నిజాం ఆభరణాల ట్రస్టుకు చెందిన 173 నగలను భారత ప్రభుత్వం ఏళ్ల తరబడి వ్యాజ్యం తర్వాత 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు, 'జేకబ్ డైమండ్' కూడా దేశం సొత్తయింది. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం బారులు తీరి దాన్ని చూశారు.

ఇప్పుడు గాజు నమూనా ఫోన్లో వస్తోంది

ఈ కథ ఇప్పుడెందుకు? ఆ బేరంలోని మూడు ఎత్తుగడలూ ఇవాళ పాత నగల ఆన్‌లైన్ వేలంలో కనిపిస్తున్నాయి కనుక. వస్తువు చేతికి రాకముందే సొమ్ము కట్టించడం. పెద్ద అంకె చూపి చిన్న అంకెను చవకగా అనిపించడం. కొనేవాడి పక్షాన ఉన్నట్టు కనిపిస్తూ అమ్మేవాడికి పనిచేయడం. వీటిలో మూడోదే అన్నిటికంటే ప్రమాదం.

ఆన్‌లైన్ వేలంలో ఇది డమ్మీ పాటగా నడుస్తుంది. అమ్మేవాడే వేరే పేరుతో పాట పాడతాడు, లేదా తన మనుషుల చేత పాడిస్తాడు. మీరు 40 వేలు అంటే మరో పేరు 41 వేలు అంటుంది. మీరు 42 అంటే అది 43 అంటుంది. అవతల ఉన్నది మీలాగే నగ మీద మనసుపడ్డ మనిషి అనుకుంటారు. పోటీ పడేకొద్దీ పట్టుదల పెరుగుతుంది. డమ్మీకి కొనే ఉద్దేశం లేదు. మీ చేత ఎంత వరకు పాడించగలనన్నదే దాని పని. ఒకవేళ లెక్క తప్పి పాట డమ్మీ మీదే ఆగిపోతే, 'మొదటి పాటదారు సొమ్ము కట్టలేదు, మీకే ఇస్తాం' అని మీకు కబురొస్తుంది.

ఇది ఊహ కాదు. 2007లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆండ్రూ క్యూమో ఒక నగల కంపెనీ ఆట కట్టించాడు. ఆన్‌లైన్ వేలంలో పెట్టిన సొంత నగల మీద ఆ కంపెనీ తన ఉద్యోగుల చేతనే పాటలు పాడించిందని తేల్చాడు. అలాంటి దొంగ పాటలు రెండు లక్షలకు పైనే. కంపెనీ 4 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ నగలు కొన్నవాళ్లంతా తాము పోటీలో గెలిచామనే అనుకుని ఉంటారు.

చట్టం ఎప్పటి నుంచో ఉంది

మన దేశంలో ఈ మోసానికి విరుగుడు కొత్తది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 123వ సెక్షన్ అప్పుడే చెప్పింది: ధర పెంచడానికి అమ్మేవాడు బూటకపు పాటలు వాడితే, ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడిది. జేకబ్ గాజు నమూనా చూపేనాటికే బ్రిటిష్ ఇండియాలో ఆ మాట చట్టంలో ఉంది. 1930 వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్‌లో అది ఇంకా వివరంగా వచ్చింది. తానూ పాడతానని అమ్మేవాడు ముందే ప్రకటిస్తే తప్ప, తాను గానీ తన మనిషి గానీ పాడకూడదు. పాడితే ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించవచ్చు.

తాకట్టు బంగారం విషయంలో రిజర్వ్ బ్యాంకు కూడా ఇదే సూత్రం పెట్టింది. అప్పు తీరని నగలను వేలం వేసే బంగారు రుణ సంస్థలు తామే ఆ వేలంలో పాల్గొనకూడదని 2013లో ఆదేశించింది. వేలం గురించి పత్రికల్లో ప్రకటించాలి, కనీస ధర ముందే నిర్ణయించాలి. అమ్మించేవాడు కొనేవాడి వేషం వేయకూడదన్నదే వీటన్నిటి వెనక ఉన్న న్యాయం.

గొల్లపల్లి దాకా

ఫోన్ వేలం ఇప్పుడు మారుమూల ఊళ్ల దాకా చేరుతోంది. ఒక ఊరు చూద్దాం. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా, కుంట బ్లాకులో గొల్లపల్లి ఉంది. ఒకప్పటి బస్తర్ సంస్థానం దక్షిణపు కొస అది. సరిహద్దు అవతల తెలంగాణ. దోర్లా, కోయ మాటలతో పాటు తెలుగూ వినిపించే నేల. ఇలాంటి ఊళ్ల నుంచి నగ కొనాలంటే పట్నానికి ప్రయాణం కట్టాలి, తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లాలి, కంసాలి చేత గీటురాయి మీద గీయించి చూసుకోవాలి. ఫోన్ ఆ ప్రయాణాన్ని తప్పిస్తానంటుంది. నిజమే, కానీ దానితో పాటు గీటురాయినీ, వెంట వచ్చే మనిషినీ కూడా తప్పిస్తుంది. ఆ లోటును మనమే పూడ్చుకోవాలి.

మొదటిది లెక్క. పాత నగకు విలువ బంగారం బరువుదే. మజూరీ, తరుగు కొత్త నగ కొన్న రోజే ఖర్చయిపోతాయి. ఉదాహరణకు 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలనుకుందాం. హారం 20 గ్రాములు, అందులో రాళ్లు 3 గ్రాములు అయితే బంగారం 17 గ్రాములే, అంటే లక్షా 70 వేలు. పాట అక్కడికి చేరాక మీరు పెంచే ప్రతి రూపాయీ దేనికిస్తున్నారో మీకు తెలిసి ఉండాలి. రాళ్లు నిజంగా విలువైనవైతే వాటికి వేరే సర్టిఫికెట్ అడగండి. ఈ గరిష్ఠ ధర పాట మొదలుకాకముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. పాట మధ్యలో దాన్ని మార్చవద్దు.

రెండోది గుర్తు. నగ మీద హాల్‌మార్క్, దానితో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) ఉందేమో ఫొటో అడగండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే స్వచ్ఛత, నగ రకం తెలుస్తాయి. హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేసిన జిల్లాల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ ఉన్న హాల్‌మార్క్ నగలనే దుకాణాలు అమ్మాలి. అంతకుముందు కొన్న పాత నగలకు అది ఉండకపోవచ్చు. అప్పుడు గుర్తింపు పొందిన కేంద్రంలో పరీక్ష చేయించిన కాగితం లేకుండా సొమ్ము కట్టవద్దు.

మూడోది పక్క పాటదారు. ఆ అమ్మకందారు వేలాలను కొద్ది రోజులు గమనించండి. ఒకే పేరు అతని నగల మీదే పదేపదే పాడుతూ, చివర్లో ప్రతిసారీ ఓడిపోతూ ఉంటే అనుమానించాలి. అమ్ముడైన నగ వారం తిరక్కుండా మళ్లీ వేలానికొస్తే అనుమానించాలి. పాటదారుల వివరాలు పూర్తిగా దాచిపెట్టే చోట అసలు పాడకపోవడమే మంచిది.

నాలుగోది ఫిర్యాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అమ్మకపు సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ న్యాయం జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మోసపోయి సొమ్ము పోగొట్టుకున్నారని తెలిసిన వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ. పాట వివరాలు, సందేశాలు, చెల్లింపు రసీదుల ఫొటోలు తీసి ఉంచుకోండి.

ఆరో నిజాంకు సలహాదారులున్నారు, లాయర్లున్నారు, ఖజానా ఉంది. అయినా మధ్యలో నిలబడ్డ మనిషి ఎవరి పక్షమో తేల్చుకోకముందే ఆయన సొమ్ము కట్టారు. మనకు ఆ ఖజానా లేదు. ఉన్నది కూతురి పెళ్లికని కూడబెట్టిన సొమ్ము, పంట అమ్మిన సొమ్ము. కనుక ఆన్‌లైన్‌లో పాత నగకు పాట పాడేముందు నగ అందం చూడకండి, ధరను ఎవరు పెంచుతున్నారో చూడండి. అది తేలని చోట పాట పాడకండి.