చేతిపని, కాగితం: నిపుణ కార్మికుల విదేశీ వలస – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ వ్యాసాన్ని చదివిన తరువాత మీరు:
• నిపుణ కార్మికుల వలసకు, ఒప్పంద కూలీల వలసకు గల తేడాను గుర్తించగలుగుతారు.
• 1922, 1983 వలస చట్టాల ఉద్దేశాన్ని, వాటి పరిమితులను వివరించగలుగుతారు.
• గల్ఫ్ వలసలో అప్పు, ఏజెంటు, వీసా ఎలా ముడిపడి ఉన్నాయో విశ్లేషించగలుగుతారు.

ఉపోద్ఘాతం

వలసల చరిత్ర అనగానే మనకు మారిషస్, నేటాల్, ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీలు గుర్తుకు వస్తారు. వారితోపాటు మరొక వర్గం కూడా సముద్రం దాటింది. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, ఫిట్టర్లు, వెల్డర్లు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు ఈ వర్గంలోకి వస్తారు. పని నేర్చినవారు కాబట్టి వీరి దారి సులువని చాలామంది అనుకుంటారు. చరిత్ర మాత్రం అలా చెప్పదు.

నేను అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతులు చెప్పే రోజులలో ఉత్తర తెలంగాణకు చెందిన ఒక విద్యార్థి తన అనుభవం చెప్పాడు. ఊళ్లో పన్నెండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి గల్ఫ్‌కు వెళ్లాడు. అక్కడికి వెళ్లాక చూస్తే వీసాలో అతని వృత్తి కూలీ అని ఉంది. అక్కడా అతను చేసింది వైరింగ్ పనే, కాని జీతం కూలీ జీతం. పని రాదని అతన్ని ఎవరూ అనలేదట. పని వచ్చినట్టు కాగితం లేదని మాత్రమే అన్నారట. తిరిగి వచ్చాక డిగ్రీలో చేరాడు.

ఆ విద్యార్థి మాటల్లోనే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న ఉంది. చేతిలో ఉన్న నైపుణ్యానికి, కాగితం మీద ఉన్న గుర్తింపుకు మధ్య ఈ దూరం ఎలా ఏర్పడింది? ఆ దూరానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

బర్మా వలస: మేస్త్రీ, అడ్వాన్సు

తెలుగువారి పెద్ద వలసలలో బర్మా వలస ఒకటి. 19వ శతాబ్దం రెండవ భాగం నుంచి ఉత్తర కోస్తా, గోదావరి ప్రాంతాల ప్రజలు కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం వంటి రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ చేరేవారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు.

ఈ వలసను నడిపినది మేస్త్రీ వ్యవస్థ. ఓడ ఛార్జీ, ఇంటి దగ్గర ఇచ్చే అడ్వాన్సు మేస్త్రీ భరించేవాడు. తరువాత ఆ మొత్తాన్ని కూలిలో కోసుకునేవాడు. బాకీ తీరేవరకు కార్మికుడు మేస్త్రీ చెప్పిన చోటనే పనిచేయాలి. ఇక్కడ ఒక అంశం గమనించండి. ప్రయాణానికి చేసిన అప్పు కార్మికుడు పనిలో చేరకముందే అతని స్వేచ్ఛను పరిమితం చేసింది. ఇదే పద్ధతిని మనం తరువాత గల్ఫ్ వలసలోనూ చూస్తాము.

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కార్మికులు సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మా కార్మికులను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చినప్పుడు ఘర్షణలు చెలరేగాయి. 1942లో జపాన్ దండయాత్రతో లక్షలాది భారతీయులు బర్మాను విడిచారు. వారిలో ఎందరో కాలినడకన తిరుగుముఖం పట్టారు.

1922 చట్టం, అబాదాన్ అనుభవం

ఒప్పంద కూలీ విధానంపై వచ్చిన తీవ్ర వ్యతిరేకత ఫలితంగా 1922లో భారత వలస చట్టం వచ్చింది. నైపుణ్యం అవసరం లేని పనికి, నైపుణ్యం గల పనికి ఈ చట్టం గీత గీసింది. మొదటి రకం పనికి ప్రభుత్వం ప్రకటించిన దేశాలకు మాత్రమే మనుషులను తీసుకుపోవాలి. రెండవ రకం పనికి మనుషులను తీసుకుపోదలచినవారు ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. 'నిపుణుడు' అనే మాటకు ఈ విధంగా చట్టంలో ప్రత్యేక స్థానం ఏర్పడింది.

ఈ చట్టం వచ్చే నాటికే భారతీయ నిపుణ కార్మికులు పర్షియన్ గల్ఫ్ తీరంలో పనిచేస్తున్నారు. 1908లో పర్షియాలో చమురు బయటపడింది. 1909లో ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీ ఏర్పడింది. అబాదాన్‌లో అది నిర్మించిన శుద్ధి కర్మాగారానికి ఫిట్టర్లు, మెకానిక్కులు, గుమస్తాలు కావలసి వచ్చారు. వీరిలో చాలామందిని బ్రిటిష్ ఇండియా నుంచి తీసుకువెళ్లారు. గల్ఫ్ వలస 1970లలో మొదలైందని మనం అనుకుంటాము. నిజానికి దాని మొదటి అధ్యాయం అప్పటికి అరవై ఏళ్ల నాటిది.

అబాదాన్‌లో నైపుణ్యం ఉన్నా హోదా జాతిని బట్టి ఉండేది. జీతంలో, వసతిలో యూరోపియన్లది పైస్థానం. భారతీయులది ఆ తరువాతి స్థానం. 1920లోను, 1922లోను అక్కడి భారతీయ కార్మికులు సమ్మెలు చేశారు. 1922 సమ్మె తరువాత వారిలో అనేకులను స్వదేశానికి పంపించివేశారు. పని వచ్చినవాడికి గిరాకీ ఉంటుంది. కాని ఆ గిరాకీ హక్కుగా మారాలంటే నైపుణ్యం ఒక్కటే సరిపోదు. అబాదాన్ అనుభవం దీనిని స్పష్టం చేస్తుంది.

1973 తరువాత: గల్ఫ్ విజృంభణ, 1983 చట్టం

1973 అక్టోబర్ యుద్ధం తరువాత కొద్ది నెలలలోనే ముడి చమురు ధర సుమారు నాలుగు రెట్లు పెరిగింది. ఆ ఆదాయంతో గల్ఫ్ దేశాలు రోడ్లు, రేవులు, భవనాలు కట్టడం మొదలుపెట్టాయి. కేరళతోపాటు కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వంటి తెలంగాణ జిల్లాల నుంచి, గోదావరి, కడప ప్రాంతాల నుంచి వలస పెరిగింది. ఉత్తర తెలంగాణ బతుకుతెరువును 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని జనం మూడు మాటల్లో చెప్పుకునేవారు. వర్షాధార సేద్యం, బోరుబావులకు చేసిన అప్పులు, ఊళ్లో ఏడాది పొడవునా పని లేకపోవడం దీనికి ముఖ్య కారణాలు.

ఈ నేపథ్యంలో 1922 చట్టం స్థానంలో 1983 వలస చట్టం వచ్చింది. రిక్రూటింగ్ ఏజెంట్లు ప్రభుత్వం వద్ద నమోదు కావాలని, కొన్ని వర్గాల కార్మికులు వలస అధికారి అనుమతి పొందాలని ఇది నిర్దేశించింది. అనుమతి అవసరమైన పాస్‌పోర్టునే వాడుకలో 'ఈసీఆర్' పాస్‌పోర్టు అంటారు. ఇది 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారికి వర్తిస్తుంది. పదవ తరగతి పాసైనవారికి ఈ అనుమతి అవసరం లేదు.

ఇందులోని వైరుధ్యాన్ని పరిశీలించండి. పదవ తరగతి పాసై ఏ పనీ రానివాడు అనుమతి లేకుండా వెళ్లవచ్చు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా పదవ తరగతి తప్పిన తాపీ మేస్త్రీకి అనుమతి కావాలి. అనుమతి ఉద్దేశం రక్షణే. కాని ఆ రక్షణ ఎవరికి అవసరమో నిర్ణయించింది బడి సర్టిఫికెట్టు, చేతిపని కాదు. అనుమతి తంతు తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపే దొడ్డిదారి కూడా దీనివల్లే పుట్టింది.

శిక్ష విషయం కూడా గమనించదగినది. ఈ చట్టంలోని ప్రధాన నేరాలకు గరిష్ఠంగా రెండేళ్ల జైలు, 2,000 రూపాయల జరిమానా అని 1983లో రాశారు. నాలుగు దశాబ్దాల పాటు రూపాయి విలువ పడిపోతూ వచ్చినా ఆ అంకె మారలేదు.

అప్పు లెక్క

నమోదైన ఏజెంటు కార్మికుని నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదని నిబంధన. గ్రామంలో తిరిగే సబ్ ఏజెంటు నమోదైనవాడు కాడు. అతను తీసుకునే డబ్బుకు రసీదు ఉండదు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాము. ఒక వెల్డరు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 1,50,000 రూపాయలు అప్పు తెచ్చాడనుకోండి. జీతం 20,000 రూపాయలకు సమానం. తిండి ఖర్చు 5,000, ఇంటికి 7,000 పోగా అప్పుకు మిగిలేది 8,000. మొదటి నెలలో అందులో 3,000 వడ్డీకే పోతుంది. ఈ లెక్కన బాకీ తీరడానికి దాదాపు 24 నెలలు పడుతుంది. రెండేళ్ల ఒప్పందం సరిగ్గా అప్పటికి ముగుస్తుంది. వడ్డీ మూడు రూపాయలైతే 28 నెలలు కావాలి. అంటే ఒప్పందం అయిపోయినా అప్పు మిగులుతుంది. మధ్యలో రెండు నెలల జీతం ఆగినా, చెప్పిన జీతం కంటే తక్కువ ఇచ్చినా పరిస్థితి ఏమిటో మీరే లెక్క వేసుకోవచ్చు.

వీసాలో వృత్తి, ఖఫీల్ అధికారం

గల్ఫ్ దేశాలలో కార్మికుని నివాస హక్కును యజమానితో ముడిపెట్టే విధానమే 'కఫాలా'. ఆ యజమానిని మన కార్మికులు 'ఖఫీల్' అంటారు. నివాస కార్డు 'అకామా'. యజమానిని విడిచి వేరే చోట పనిచేసినవాడు చట్టవిరుద్ధ నివాసి అవుతాడు. తెలంగాణ పల్లెల్లో అలాంటివారిని 'కల్లివెల్లి' అయ్యారని చెబుతారు. 'ఆజాద్ వీసా' పేరుతో ఏజెంట్లు అమ్మేది కూడా నిజానికి ఎవరో ఒక ఖఫీల్ పేరు మీద ఉన్న వీసాయే. ఎక్కడైనా పనిచేసుకోవచ్చన్న మాటకు చట్టంలో ఆధారం లేదు.

ఇటీవల కొన్ని మార్పులు వచ్చాయి. ఖతార్ 2018లో చాలామంది కార్మికులకు నిష్క్రమణ అనుమతిని తొలగించింది. 2020లో ఉద్యోగం మారడానికి యజమాని అంగీకారం అవసరం లేకుండా చేసింది. 2021లో సౌదీ అరేబియా కూడా కొన్ని సంస్కరణలు చేపట్టింది. అయితే ఇళ్లలో పనిచేసేవారు సౌదీ సంస్కరణల పరిధిలోకి రాలేదు.

కొత్త గమ్యాలు, కొత్త కాగితాలు

ఇప్పుడు కెనడా, జర్మనీ వంటి దేశాలు కూడా నిపుణ కార్మికులను పిలుస్తున్నాయి. కెనడా 2013లో నిపుణ వృత్తులవారికి ప్రత్యేక పథకం ప్రారంభించింది. గత ఐదేళ్లలో కనీసం రెండేళ్ల అనుభవం, భాషా పరీక్ష, ఉద్యోగ ప్రతిపాదన లేదా అక్కడి వృత్తి ధ్రువపత్రం దీనికి కావాలి. జర్మనీ 2020 మార్చి నుంచి కొత్త వలస చట్టాన్ని అమలుచేసింది. చాలా వృత్తులలో మన శిక్షణ తమ శిక్షణకు సమానమేనా అని ఆ దేశం పరిశీలిస్తుంది. జర్మన్ భాష కూడా రావాలి. సౌదీ అరేబియా సైతం ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు వంటివారికి భారతదేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతోంది.

మన దేశంలో 1950లో మొదలైన చేతివృత్తుల శిక్షణ పథకం కింద ఐటీఐలు ఇలాంటి ధ్రువపత్రాలు ఇస్తున్నాయి. కాని తండ్రి దగ్గరో, మేస్త్రీ దగ్గరో పని నేర్చుకున్నవారు మన దేశంలో కోకొల్లలు. పూర్వ అనుభవానికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు 2015 నుంచి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. ఇతర దేశాలు దాన్ని అంగీకరిస్తాయా లేదా అన్నది ఆయా దేశాలను బట్టి ఉంటుంది.

సారాంశం

బర్మా మేస్త్రీ నుంచి నేటి ఏజెంటు వరకు ఒక పోలిక కొనసాగుతోంది. కార్మికునికి పని వచ్చు, విదేశంలో పని ఉంది. ఆ రెండింటినీ కలిపే కాగితం మాత్రం మూడవవాని చేతిలో ఉంది. దాని వెలను కార్మికుడు అప్పు రూపంలో చెల్లిస్తున్నాడు. చట్టాలు నిపుణునికి, కూలీకి మధ్య గీత గీశాయి గాని, చేతిపనిని గుర్తించే బాధ్యతను చాలాకాలం తీసుకోలేదు.

మీలోనో, మీ కుటుంబంలోనో ఎవరైనా వెళ్లదలచుకుంటే నాలుగు విషయాలు ముందుగా చూడండి. ఏజెంటు నమోదు సంఖ్య ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నదా? వీసాలో రాసిన వృత్తి మీరు చేయబోయే పనేనా? ఒప్పందంలో జీతం, పనిగంటలు, తిండి, వసతి స్పష్టంగా ఉన్నాయా? చేసే అప్పు ఎన్ని నెలలలో తీరుతుంది? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు దొరికేవరకు డబ్బు చేతులు మారకూడదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మేస్త్రీ వ్యవస్థను నేటి ఏజెంటు వ్యవస్థతో పోల్చండి.
2. అబాదాన్ భారతీయ కార్మికుల అనుభవం నుంచి ఏమి గ్రహించవచ్చు?
3. 1983 వలస చట్టంలోని రక్షణలను, లోపాలను చర్చించండి.
4. మీ గ్రామంలో విదేశాలకు వెళ్లి వచ్చిన ఒక నిపుణ కార్మికునితో మాట్లాడి, అతని వలస ఖర్చు, అప్పు, వీసాలోని వృత్తి, అక్కడ చేసిన పని గురించి ఒక పేజీ నివేదిక రాయండి.