పద్దుల పెట్టె పడిపోయిన ఏడు

మంటలో ఇంకో తాటిమట్ట వెయ్యరా అబ్బాయ్. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో మీకు రెయిడ్ పాఠం అయిందన్నావు కదా, అది మా కొట్లో ఎలా తగలడిందో చెప్తా విను.

2006. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడు. ఐదో కాంటూరు లోపలంతా అభయారణ్యమని 1999లోనే అన్నారు, యంత్రాలు మాత్రం 2006లోనే వచ్చాయి. గట్లు పోయాక మిగిలినవి బాకీలే. ఎవరి చెరువుకి ఎంత తవుడు పంపాం, ఎంత అడ్వాన్సిచ్చాం, ఎన్ని బొచ్చెలూ శీలావతులూ ఐసులో హౌరా లారీ ఎక్కాయి, అంతా కైకలూరు వైపు మా కమీషన్ కొట్టు కంప్యూటర్లోనే. నేనక్కడ గుమాస్తాని.

అందులో నాలుగు డిస్కులు. పద్దు పుస్తకంలో మూడంకెలేసి కింద మొత్తం వేసినట్టే ఆ రెయిడూను. ఒకంకె చెరిగితే మొత్తంలోంచి మిగతావి తీసేస్తే తేలిపోద్ది. రెండు చెరిగితే బ్రహ్మదేవుడు దిగొచ్చినా తేలదు. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అని ముగ్గురు రాసిన పేపరుతో రెయిడ్ పేరు పైకొచ్చింది. ఖరీదైన డిస్కు ఒకటెందుకు, చవకవి గుంపుగా కట్టండన్నారు. చవక అన్న మాట మా షావుకారుకి తెగ నచ్చింది. నాలుగూ ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి కొన్నాడు.

ఒకటి చచ్చింది. పని ఆగలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, పద్దులు రాసుకుంటూనే పోయాం. ఎప్పటికో రిపేరు కుర్రాడొచ్చి కొత్త డిస్కు పెట్టాడు. దాన్ని నింపాలంటే మిగిలిన మూడింటినీ ఈ చివర్నించి ఆ చివరిదాకా చదవాలి, ఏళ్ల తరబడి ఎవరూ తిరగెయ్యని చోట్లతో సహా. అక్కడే మూడో డిస్కు మొరాయించింది. రీబిల్డు సగంలో ఆగి పెట్టె మొత్తం పడిపోయింది.

“ఇనిషియలైజ్ కొట్టి కొత్తగా కట్టేస్తానండి” అన్నాడు కుర్రాడు. కొట్టుంటే ఉన్న కాస్తా ఊడ్చుకుపోయేది. షావుకారుకి నచ్చజెప్పి ఏలూరు నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాం. ఆయన రాగానే కరెంటు తీసేశాడు. తరవాత టీ అడిగాడు. తాగి, స్కెచ్ పెన్నుతో ఒక్కో డిస్కు మీదా ఏ గూట్లోదో రాసుకున్నాడు.

“ఎప్పటికవుద్దండి?” అన్నాడు షావుకారు.

“తొందరైతే ఆ కుర్రాణ్ణే పిలుచుకోండి.”

గూడెంలో ఖాళీ డిస్కులు కొనుక్కొచ్చాం. పాత డిస్కుల్ని ఒక్కొక్కటిగా వేరే మెషీన్‌కి తగిలించి డీడీరెస్క్యూతో నకలు తీశాడు. సులువుగా వచ్చే చోట్లు ముందు చదివేసి, మొండికేసినవి గుర్తు రాసుకుని చివర్న వాటి జోలికెళ్తుందది. చావుబతుకుల్లో ఉన్న డిస్కుని మొదటే గీకి గీకి చంపదు. కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. ఆ రోజుల్లో మన కరెంటు సంగతి నీకు తెలీదులే. అసలు డిస్కుల మీద మాత్రం ఒక్క అక్షరం రాయనివ్వలేదు.

కొత్త డిస్కుని పక్కన పెట్టేశాడు, సగమే నిండింది కదా. మొదట చచ్చినదాన్నీ కలపలేదు. అది పోయిన రోజు దగ్గరే ఆగిపోయింది, కలిపితే పాతవీ కొత్తవీ కలగాపులగం. మిగతా మూడింటి నకళ్లనే వరసగా కూర్చి, చదవడానికి మాత్రమే తెరిచాడు. చెక్‌డిస్క్ కొడదామా అన్నాను. “బాగుచేస్తానని అది రాసేస్తుందయ్యా. అంతగా కావాలంటే నకలుకి ఇంకో నకలు తీసి దాని మీద కొట్టు” అన్నాడు.

ఫైళ్లు తెరుచుకున్నాయని ఆయన సంబరపడలేదు. కాటా చీటీలు తెమ్మని అంకెలు ఒక్కొక్కటీ సరిచూశాడు. కొన్నిచోట్ల బొక్కలున్నాయి. ఆ చచ్చిన డిస్కు అప్పుడప్పుడూ లేచేది, దాన్నీ నకలు తీసి, తరవాత మార్పు పడని పాత పద్దులకి అక్కరకి తెచ్చుకున్నాడు. మిగతావి చీటీలు చూసి నేనే ఎక్కించాను.

ఈలోగా కంప్యూటర్లో అంతా పోయిందంటని ఊళ్లో గుప్పుమంది. ఒక చెరువు రైతు వచ్చి కుర్చీ లాక్కుని మరీ పరామర్శించాడు. “అయితే నా బాకీ కూడా పోయినట్టేనా గుమాస్తా గారూ?”

“లేదండి. మీదే ముందొచ్చింది” అన్నాను.